డౌన్‌హిల్ రోజు నవ్విన గొంతు

ఆ వీడియో ముక్క ఇప్పటికీ ఫోన్లలో తిరుగుతూనే ఉంది. మంచుకొండ మీద నుంచి దూసుకొస్తున్న ఒక ఆటగాడు గాల్లోకి లేచి, వంకరగా పడి, దొర్లుకుంటూ వెళ్ళి ఎర్ర వలలో చిక్కుకుంటాడు. కొన్ని క్షణాలకు తెలుగులో ఒక గొంతు జోకు వేసి నవ్వుతుంది. ఎవరో దాని పక్కన నా సహ వ్యాఖ్యాత ఫొటో అతికించారు. సింగపూర్‌లో ఉన్న తెలుగువాళ్ళలో అది చూడనివాళ్ళు తక్కువ. ఆ గొంతు ఆయనది కాదు, నాది. ఈ ఒక్క మాట చెప్పడానికే ఇది రాస్తున్నాను. నా తప్పు ఆయన పేరు మీద ఇన్నాళ్ళు ఎలా నిలబడిందో కూడా చెప్పాలి. అది దానంతటదే నిలబడలేదు.

నేను ఒంగోలు వైపు వాణ్ణి. సాఫ్ట్‌వేర్ పని మీద ఈ దేశం వచ్చాను. ఆ ఉద్యోగం పోయాక, కాలేజీ రోజుల్లో కబడ్డీ పోటీలకు మైకు పట్టుకున్న అలవాటే నాకు అన్నం పెట్టింది. విదేశీ ఆటల ప్రసారాలకు భారతీయ భాషల్లో వ్యాఖ్యానం తయారుచేసే ఒక చిన్న కంపెనీలో, తెలుగు విభాగంలో చేరాను. ఆట ఎక్కడో యూరప్‌లో జరుగుతుంది. మేం ఇక్కడ ఒక గాజు తలుపు గదిలో కూర్చుని, తెర మీద కనిపించేదాన్ని చూస్తూ చెబుతాం. పక్క గదిలో తమిళం, ఆ పక్కన హిందీ. చూసేవాళ్ళు మేం అక్కడే ఉన్నామనుకుంటారు.

ఆ గదిలో నా పక్క కుర్చీ ఆయనది. ఆయన సింగపూర్‌లోనే పుట్టినవాడు. ముత్తాత తెల్లవాళ్ళ కాలంలో విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి వచ్చాడట. ఓడల కంపెనీలో చాలాకాలం పనిచేసి, ముందుగానే మానేసి, పిలిచిన రోజున వచ్చి వ్యాఖ్యానం చెప్పిపోయేవాడు. ఆయన తెలుగు అవ్వ దగ్గర నేర్చుకున్నది. అందులో అరవమూ మలయ్ మాటలూ, మాట చివర సింగపూర్ వాళ్ళు తగిలించే "లా" కూడా కలిసిపోయి ఉండేవి. మొదట్లో మావాళ్ళు ఆ యాసకు నవ్వారు. తర్వాత అదే యాస వినడానికి టీవీ పెట్టుకున్నారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. వందేళ్ళ కిందట వచ్చిన పాత కుటుంబాలకూ, నాలాంటి నిన్నమొన్నటి వాళ్ళకూ మధ్య రాకపోకలు తక్కువ. వాళ్ళ తెలుగు మాకు వింత, మా ఆర్భాటం వాళ్ళకు వింత. మా తెలుగు సంఘం ఉగాది సభలో వేదికెక్కి మైకు పట్టుకున్న మొదటి పాతకాపు ఆయనే. ఏటా ఆయనే. ఆ రోజు ఆయన బంధువులు ముందు వరసల్లో కూర్చునేవాళ్ళు. ఆయనకున్న ఆస్తి అది.

నేను ఆయన్ని అన్నా అనేవాణ్ణి. గదిలో పని పంచుకునే పద్ధతి తేలిక: ఆట చెప్పేది నేను, నవ్వించేది ఆయన.

శీతాకాలపు క్రీడల పోటీలు తెలుగులో వేస్తామని కంపెనీ చెప్పినప్పుడు ఇద్దరం నవ్వుకున్నాం.

"తమ్ముడూ, మంచంటే నువ్వు సూసినావేటి?" అన్నాడాయన.

"ఫ్రీజర్లో చూశానన్నా."

"శరి. అయితే నాకంటే సీనియర్‌వి."

మొదటి రోజు ఉన్ని టోపీ పెట్టుకుని వచ్చాడు. ఏసీ గదికి బయట కాలు పెడితే చెమట కారే ఊళ్ళో, టోపీతో ట్రైనెక్కి వచ్చాడు. మగవాళ్ళ డౌన్‌హిల్ పోటీని తెలుగులో ఏమనాలా అని నేను తల పట్టుకుంటే, "డౌన్‌హిల్ అనే అను లా. మా అవ్వ బతికుంటే ఆవిడకీ అర్థమయ్యీది" అన్నాడు.

డౌన్‌హిల్ అంటే, నిటారుగా ఉన్న కొండవాలు మీద ఒక్కొక్కరే దిగుతారు. కాళ్ళకు రెండు పలకలు, తలకు హెల్మెట్. రోడ్డు మీద కార్లు కూడా మామూలుగా అంత వేగం వెళ్ళవు. కిందకు చేరడానికి రెండు నిమిషాలు పడుతుందేమో. అందరికంటే తక్కువ సమయంలో చేరినవాడు గెలిచినట్టు. మధ్యలో పక్కదారి లేదు, ఆగడం లేదు.

ఆ వారంలోనే మా విభాగం పెద్ద, హైదరాబాద్ ఆయన, నన్ను పిలిచి మాట్లాడాడు. "మీది మంచిగనే ఉంది గానీ ఉప్పు లేదు సార్. ఆయన మాట్లాడినప్పుడే జనం కామెంట్లు పెడుతున్నరు. జర మీరు కూడా నవ్వించాలె" అన్నాడు. ఈ దేశంలో ఉండటానికి నాకున్న పర్మిట్ ఆ ఉద్యోగంతో ముడిపడి ఉంది. కాంట్రాక్టు పొడిగించే నెల అది. ఆ మాట మనసులో పెట్టుకుని డౌన్‌హిల్ రోజు కుర్చీలో కూర్చున్నాను.

మాకు సాయంత్రం, వాళ్ళకు పగలు. పేరున్న ఆటగాళ్ళంతా దిగిపోయారు. ఒక చిన్న దేశం నుంచి వచ్చిన కుర్రాడు బయల్దేరాడు. అతని పేరు పలకడానికి నేను పొద్దున్నుంచీ సాధన చేశాను. సగం దారిలో ఒక మిట్ట మీద ఎగిరాడు. ఒక పలక పైకి లేచింది. పడ్డాడు. వల దాకా దొర్లాడు. తెర మీద అతను కనిపించింది ఒక్క క్షణం. తర్వాత చిత్రం మారింది. గంటలు ఊపుతున్న ప్రేక్షకులు, ఎండలో మెరుస్తున్న కొండలు.

క్రికెట్, కబడ్డీ చెప్పి పెరిగినవాడికి ఒక నమ్మకం ఉంటుంది. పెద్దదేమైనా జరిగితే దాన్ని తిప్పి తిప్పి చూపిస్తారు. చూపించలేదంటే ఏమీ కాలేదని. మంచు ఆటల్లో సరిగ్గా తలకిందులు. మనిషికి ప్రమాదమైతే కెమెరా అతని మీద నుంచి తప్పుకుంటుంది. ఎక్కడెక్కడి వ్యాఖ్యాతలూ అప్పుడు నోరు మూసుకుంటారు. కబురు తెలిసేదాకా ఎవరూ మాట్లాడరు. నాకది తెలియదు. మా పనిలో మైకు ఖాళీగా ఉండటమే పెద్ద నేరం.

ఆయన జోకు కోసం ఎదురుచూశాను. రాలేదు. ఖాళీ పెరుగుతోంది. అప్పుడు నేనే అందుకున్నాను. ఆయన లాగా సాగదీసి, అయ్యయ్యో అనడానికి ఆయన వాడే మలయ్ ఊతపదంతో మొదలుపెట్టి: "అలమక్! పాపం, నొప్పికి ఐస్ పెట్టుకోవాలంటే ఎక్కడా ఎతుక్కోనక్కర్లేదండీ, కొండంతా ఐసే!" అని, నవ్వాను. నాకు నచ్చి నవ్వాను. లేచి దులుపుకుని వెళ్ళిపోయి ఉన్నా అది మంచి మాట కాదు. అతను లేవలేదు.

తర్వాతి ఆటగాడు బయల్దేరలేదు. పోటీ ఆపేశారు. తెర అంచున హెలికాప్టర్ కనిపించింది. అప్పుడు ఆయన మైకులోకి వచ్చాడు. ఎప్పుడూ లేనంత శుభ్రమైన తెలుగులో, "ఆటగాడి పరిస్థితి ఇంకా తెలియలేదు. అతను క్షేమంగా ఉండాలని కోరుకుందాం" అన్నాడు. ఈ మాటను ఎవరూ కత్తిరించి ఫోన్లలో తిప్పలేదు.

స్టేషన్ వైపు నడుస్తున్నప్పుడు ఆయన అన్నాడు: "ఆ మాట రాకుండా ఉండాల్సింది తమ్ముడూ."

"తెలీలేదన్నా."

"తెలీదులే. రేపు మైకులో నువ్వే సారీ సెప్పీ. అయిపోద్ది. మడిసన్నాక నోరు జారదేటి."

అంత తేలికైన దారి చూపించాడు. సరేనన్నాను.

తెల్లారేసరికి వీడియో అన్ని గ్రూపుల్లోనూ ఉంది. ఆ కుర్రాడి మెడ ఎముక విరిగిందనీ, ఇక నడవలేడనీ వార్త వచ్చింది. మధ్యాహ్నం మా ఇద్దరినీ పిలిచారు. మా పెద్ద తిన్నగా ఆయన వైపే తిరిగాడు.

"ఏంది సార్ ఇది? మనిషి చావుబతుకుల మధ్య ఉంటే నవ్వుతరా?"

ఆయన తల తిప్పి నన్ను చూశాడు. నేను బల్ల మీద నీళ్ళ సీసా చూస్తున్నాను. నేను మాట్లాడటానికి చాలినంత సేపు ఆగాడు. తర్వాత, "నన్నడక్కండి. ఈయన్నడగండి" అన్నాడు.

మా పెద్ద నా వైపు తిరిగాడు. "చెప్పండి. ఏమైంది?"

అప్పుడు నేనన్న మాటలు ఇవి: "లైవ్ కదండీ. ఊపులో వచ్చేస్తుంటాయి. అన్న కావాలని అన్నది కాదు."

చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను, నేను అబద్ధమాడలేదని, ఆయన్ని వెనకేసుకొచ్చానని. నిజానికి అంతకంటే గట్టి అబద్ధం ఇంకోటి లేదు. ఆయనే అన్నాడని చెబితే ఎవరైనా ఎదురు ప్రశ్న వేసేవారేమో. ఆయన తరపున జాలిగా మాట్లాడాను కాబట్టి ఇక అడగడానికి ఏమీ మిగల్లేదు.

ఆయన చిన్నగా నవ్వాడు. "శరి లా" అని లేచి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆ భవనంలో అడుగుపెట్టలేదు.

ఆ సాయంత్రం ప్రసారానికి ముందు కంపెనీ తరపున క్షమాపణ చదివారు. చదివింది నేను. "మా సహ వ్యాఖ్యాత చేసిన అనుచితమైన వ్యాఖ్యకు చింతిస్తున్నాం. వారు ఇకపై మా ప్రసారాల్లో పాల్గొనరు." ఐస్ జోకు వేసిన గొంతే ఆ రెండు వాక్యాలూ చదివింది. ఎవరూ పోల్చుకోలేదు. గంభీరంగా మాట్లాడేవాడిగా నాకు పేరుంది, అదీ నన్ను కాపాడింది.

నాకు నేను చెప్పుకున్న సాకు మా బోటి వాళ్ళందరికీ తెలిసిందే. ఆయన సిటిజన్. సొంత ఫ్లాటు ఉంది, పిల్లలు ఎదిగారు, ఎవరూ ఆయన్ని దేశం నుంచి పంపేయరు. నాకైతే పర్మిట్ పోతే పుంగ్గోల్‌లో అద్దె ఇల్లు ఖాళీ చేసి, బడి మధ్యలో పిల్లను లాక్కుని పోవాలి. పర్మిట్ మీద బతికేవాళ్ళం సిటిజన్‌కు దెబ్బే తగలదనుకుంటాం. ఉద్యోగం తప్ప పోగొట్టుకోవడానికి మనిషికి ఇంకేమీ ఉండదన్నట్టు.

ఆ ఉగాదికి వేదిక మీద వేరే మనిషి ఉన్నాడు. ముందు వరసల్లో పాత కుటుంబాల వాళ్ళెవరూ రాలేదు. కాఫీల దగ్గర ఒకాయన, "వీళ్ళ సంస్కారం ఇంతేనండీ, తరాలుగా ఇక్కడుండి పాడైపోయారు" అన్నాడు. నా వైపు చూసి, "మీరు పక్కనే ఉన్నారు కదా, పాపం" అని కూడా అన్నాడు. "పోనీలెండి, పెద్దాయన" అన్నాను నేను. ఈ మాటకూ నన్ను మెచ్చుకున్నారు.

మా అమ్మాయికి అప్పుడు పదమూడేళ్ళుంటాయి. ఆ వీడియో వచ్చిన వారంలో అన్నం తింటూ అడిగింది: "నాన్నా, అంకుల్ వై లైక్ దట్ ఆ? నాకెప్పుడూ చాక్లెట్ ఇస్తాడు కదా. సో మీన్ లా." మా ఆవిడ నా ముఖం చూసింది. "తిను, చల్లారిపోతుంది" అన్నాను.

కొన్నాళ్ళకు నాకు పీఆర్, అంటే ఇక్కడే స్థిరంగా ఉండిపోయే అనుమతి, వచ్చింది. పర్మిట్ భయం పోయింది. అయినా చెప్పలేదు. కాబట్టి భయం వల్లే చెప్పలేదని రాస్తే అదీ పూర్తి నిజం కాదు. అబద్ధం చెప్పాక దొరికిన మర్యాద నాకు బాగుంది.

ఈ చలికాలం మళ్ళీ పోటీలు వచ్చాయి. నేను ఆ ఉద్యోగం ఎప్పుడో మానేశాను, తెలుగు విభాగాన్నే ఎత్తేశారు. ఇంట్లో మా అమ్మాయి మగవాళ్ళ డౌన్‌హిల్ పెట్టింది, ఇంగ్లీషు వ్యాఖ్యానం. ఒక ఆటగాడు పడ్డాడు. చిత్రం కొండల మీదికి వెళ్ళింది. వ్యాఖ్యాతలిద్దరూ ఆగిపోయారు. అలాగే చాలాసేపు.

"సౌండ్ పోయిందా?" అంది.

"లేదు. పడ్డవాడు ఎలా ఉన్నాడో తెలిసేదాకా మాట్లాడరు. అది పద్ధతి."

"అయితే అప్పుడు అంకుల్‌కి ఆ పద్ధతి తెలీదా?"

"అంకుల్‌కి తెలుసు" అన్నాను.

నా వైపు తిరిగింది. ఆ ఆటగాడు లేచి చెయ్యి ఊపాడు. జనం అరుస్తున్నారు. తను తెర వైపు చూడటం లేదు. "దెన్ హూ?" అంది. చెప్పాను. రిమోట్ సోఫా మీద పెట్టి, తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

ఆ ఆదివారం యీషున్‌లో ఆయన ఇంటికి వెళ్ళాను. వదిన గేటు తీసింది. "రండి తమ్ముడూ, ఎన్నాళ్ళకి! మకాన్ అయిందా?" అంది, భోజనం సంగతి అడుగుతూ. ఆవిడ ఆ మర్యాద చేస్తుంటే నిలబడలేక, కూర్చోకముందే చెప్పేశాను. ఆ జోకు నాది, అన్న అనలేదు, నేనే అన్నాను, తర్వాత నేనే దాచాను.

ఆవిడ నన్ను చూడలేదు. కుర్చీలో ఉన్న ఆయన్ని చూసింది.

"నానడిగినాను గదా నిన్ను. ఆ రోజే. నువ్వేనా అన్నావు అని."

"అడిగినావు."

"మరి కాదని సెప్పవేటి?"

"ఇన్నేళ్ళు నాతో కాపరం సేసి, అడిగినావు. ఇంకేటి సెప్పను?"

ఆవిడ మోడా మీద కూలబడింది. "గుడికి తీసుకుపోయి నీ సేత దణ్ణం పెట్టించినాను. తప్పయిపోనాదని సెప్పమన్నాను."

"పెట్టినాను లా. ఆ కుర్రోడికి బాగవ్వాలని పెట్టినాను. తప్పేటుంది."

ఆవిడ ఏడవలేదు. కొంగు వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ కూర్చుంది. అప్పుడు ఆయన నా వైపు చూశాడు. కోపం లేదు. నేను కోపం కోసం సిద్ధపడి వెళ్ళాను.

"ఎందుకొచ్చినావు తమ్ముడూ? నిద్ర పట్టట్లేదా?"

"అవునన్నా."

"నాకు బానే పడతాంది. ఇంక నుంచీ ఈవిడకి పట్టదు."

అందరికీ చెబుతానన్నాను. సంఘంలో చెబుతాను, మళ్ళీ మిమ్మల్ని వేదిక మీదికి పిలిపిస్తాను, ఇంకా ఏవేవో అన్నాను. ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"సెప్పాలంటే ఆళ్ళకి సెప్పు. నాకెందుకు సెప్తావు? నేనప్పుడు అక్కడే ఉన్నాను గదా."

లిఫ్టు దాకా ఎవరూ రాలేదు.

సంఘం కార్యదర్శికి ఫోన్ చేశాను. అంతా విని, "ఇప్పుడెందుకండీ? అందరూ మర్చిపోయారు" అన్నాడు.

"మర్చిపోతే ఆయన్ని ఉగాదికి ఎందుకు పిలవడం లేదు?"

"అంటే... ఒకసారి పేరు పడిపోయింది కదండీ. ఇప్పుడు కాదని ప్రకటిస్తే మళ్ళీ అందరూ ఆ వీడియో వెతికి చూస్తారు. ఆయనకే ఇబ్బంది. మీకూ ఇబ్బంది" అన్నాడు. పాత కంపెనీ పెద్దకు మెసేజ్ పెట్టాను. చూసినట్టు గుర్తు కనిపించింది, జవాబు రాలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. వీడియో మళ్ళీ వెతికి చూసేవాళ్ళు చూడండి. ఈసారి ఎవరి గొంతో తెలిసి వినండి.

ఇది సగం రాసి ఉండగా వదిన ఫోన్ చేసింది. పొద్దున్నే, మార్కెట్లో ఉన్నట్టుంది, వెనక చేపలమ్మేవాడి కేకలు. పలకరింపు లేకుండా అడిగింది.

"నువ్వు ఆ మాట అంటన్నప్పుడు, ఈయనేటి సేత్తన్నాడు?"

ఇన్నాళ్ళలో ఎవరూ నన్ను ఈ ప్రశ్న అడగలేదు. నేనూ పైన రాయలేదు. రాస్తే నేను ఇంకా చిన్నవాణ్ణవుతాను గనక.

చెప్పాను. మా బల్ల మీద ఒక బటన్ ఉంటుంది, దగ్గు వచ్చినప్పుడు అది నొక్కితే మన మైకు మూగబోతుంది. ఆ కుర్రాడు వలలో పడగానే అన్న ఒక చేత్తో అది నొక్కి పట్టుకుని లేచి నిలబడ్డాడు. తెర మీదికి వంగి, "లెగు నాయనా, లెగు, లెగు" అంటున్నాడు. చిత్రం మారి కొండలు వచ్చాక కూడా, ఆ కొండలతోనే అంటున్నాడు. నాకు ఒక చెవిలో వినిపిస్తూనే ఉంది. ఆయన మైకు మూసుకున్నాడు కాబట్టి ఇక వంతు నాది అనుకుని, నేను నవ్వించబోయాను.

అవతల చేపలవాడి కేకలు, ఎవరో మలయ్‌లో బేరమాడటం. వదిన ఉందో లేదో తెలియలేదు.

"వదినా?"

"ఉన్నాను" అంది. "ఏటన్నాడు? ఇంకోసారి సెప్పు."

చెప్పాను.